రాక్ ఆల్బమ్: శతకమా, కావ్యమా?

రాక్ సంగీతాన్ని అభిమానించే యువకులు ఇద్దరు ఒకచోట చేరితే ఒక వివాదం తప్పక పుడుతుంది. ఇంతవరకు వెలువడిన ఆల్బమ్‌లలో సర్వోత్తమమైనది ఏది? ఒకరు బీటిల్స్ అంటారు, మరొకరు పింక్ ఫ్లాయిడ్ అంటారు. గొంతులు పెరుగుతాయి, టీ చల్లారిపోతుంది. మన కళాశాల ఆవరణలో కూడ ఈ వివాదం పలుమార్లు నా చెవిని పడినది. నన్ను తీర్పరిగా ఉండుమని విద్యార్థులు కోరిన సందర్భాలు లేకపోలేదు. తెలుగు పాఠం చెప్పుకొనే ఉపన్యాసకునికి ఈ గొడవ ఎందుకని పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. అయితే ఈ వివాదంలోని అసలు చిక్కు సాహిత్య విద్యార్థికి చిరపరిచితమైనదే. మంచి పద్యాలు నూరు ఉన్నంత మాత్రాన అది మంచి కావ్యమగునా? మంచి పాటలు పది ఉన్నంత మాత్రాన అది మంచి ఆల్బమ్ అగునా? దీనికి సమాధానం తేల్చుకొనకుండా ఉత్తమమైనది ఏదని వాదులాడుకొనుట వృథా శ్రమ.

ముందుగా ఆల్బమ్ అనే మాటకు అర్థం తెలుసుకొనవలెను. నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు రికార్డుపై ఒక్కొక్క వైపున నాలుగైదు నిమిషాలకు మించి పాట పట్టేది కాదు. ఒక పెద్ద సంగీత రచనను వినిపించవలెనంటే నాలుగైదు రికార్డులు కావలసివచ్చేవి. వాటిని ఛాయాచిత్రాలు దాచుకొనే పుస్తకం వంటి అట్టల పుస్తకంలో అమర్చి అమ్మేవారు. ఆల్బమ్ అనే పేరు అలా వచ్చినదే. 1948 జూన్‌లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే పన్నెండు అంగుళాల రికార్డును విడుదల చేసినది. లాంగ్ ప్లే, సంక్షిప్తంగా ఎల్.పి. అని మన ఇండ్లలో కూడ పిలిచిన రికార్డు ఇదే. ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టడంతో పుస్తకం అవసరం పోయినది. పేరు మాత్రం నిలిచినది.

ఈ రికార్డు స్వభావం పాటల వరుసను కూడ శాసించినదని చాలమంది గమనించరు. రికార్డు తిరిగే వేగం ఎప్పుడూ ఒకటే. కాని వెలుపలి అంచున గాడి చుట్టుకొలత పెద్దది, మధ్యకు పోయినకొద్దీ చిన్నది. కనుక ముల్లు క్రింద ఒక సెకనులో నడిచే గాడి పొడవు అంచున ఉన్నదానిలో సగానికి లోపు మాత్రమే మధ్యన ఉంటుంది. అంత ఇరుకులో తీవ్రమైన ధ్వనులను నింపితే అవి చెదరి వినిపిస్తాయి. అందుచేత హోరు గల పాటను వైపు ఆరంభంలోను, నెమ్మదియైన పాటను వైపు చివరను పెట్టుట మేలని శబ్దశిల్పులు గ్రహించినారు. ఒక వైపున సంగీతం మరీ ఎక్కువైతే గాడులు దగ్గరపడి ధ్వని బలం తగ్గుతుంది. కాబట్టి సుమారు నలువది నిమిషాలు, రెండు వైపులు, నడుమ ఒక విరామం అనే చట్రం ఏర్పడినది. మన ప్రబంధ కవికి ఆశ్వాసాంతం ఎటువంటిదో రాక్ సంగీతకారునికి ఈ మొదటి వైపు ముగింపు అటువంటిది.

చట్రం 1948లోనే ఏర్పడినా దానిని కళగా వాడుకొనడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టినది. తొలినాటి ఆల్బమ్‌లు చాలవరకు పేరు తెచ్చిన రెండు పాటలకు పది పాటలు జోడించి కట్టిన మూటలు. బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్ కొరకు పది పాటలను 1963 ఫిబ్రవరి 11వ తేదీన ఒక్క రోజులోనే రికార్డు చేసినారు. ఆ ఉత్సాహం ఈనాటికీ ముచ్చట గొలుపుతుంది. అయినను దానిని ఏక రచన అనలేము.

ఇక్కడ మన రెండు భాషల సాహిత్యాలు ఒక కొలబద్దను అందిస్తాయి. గజల్‌లో ప్రతి షేర్ తనంతట తాను పూర్ణమైనది. ఒక షేర్ విరహాన్ని చెప్పవచ్చును, తరువాతిది లోకరీతిని ఎగతాళి చేయవచ్చును. వాటిని కలిపి ఉంచేవి రదీఫ్, కాఫియాలు. మత్లా, మక్తాలను వదలి నడుమ షేర్ల వరుస మార్చినా గజల్ చెడదు. నజ్మ్ అటువంటిది కాదు. అందులో ఒక భావం మొదలై, పెరిగి, ఒక దరికి చేరవలెను. తెలుగులో శతకానికి, కావ్యానికి ఉన్న భేదం ఇంచుమించు ఇదే. శతక పద్యాలను మకుటం ఒక్కటే కట్టి ఉంచుతుంది. శతకం తక్కువదని నా అభిప్రాయం కాదు. వేమనను తక్కువ అనగల సాహసం ఎవరికున్నది? ఏది ఏ జాతికి చెందినదో తెలిసి కొలవవలెనన్నదే నా మనవి.

ఈ కొలబద్దతో 1965 నుండి 1967 వరకు గల మూడేండ్లను పరిశీలింతము. 1965 డిసెంబరులో బీటిల్స్ 'రబ్బర్ సోల్' వెలువడినది. జార్జ్ హారిసన్ సితారు మొదటిసారి వినిపించినది ఇందులోనే. దీనిని విన్న అమెరికన్ యువకుడు బ్రయాన్ విల్సన్ తన బీచ్ బాయ్స్ బృందం పక్షాన 1966 మేలో 'పెట్ సౌండ్స్' రూపొందించినాడు. సముద్రతీర వినోదాల గురించి పాడుతూ వచ్చిన బృందం ఒక్కసారిగా యౌవనంలోని బెంగను, ఏకాంతాన్ని పాడినది. 2025లో విల్సన్ మరణించినప్పుడు ప్రపంచ పత్రికలు మొదట తలచుకొన్నది ఈ ఆల్బమ్‌నే. దీనిలోని స్వరమేళనం నాకు పరమ ప్రియం. మాటలు మాత్రం కొన్నిచోట్ల పలుచగా ఉంటాయి.

1966 ఆగస్టులో బీటిల్స్ 'రివాల్వర్' వచ్చినది. నన్నడిగితే వారి రచనలలో ఇది మేటి. పదునాలుగు పాటలు, ముప్పదియైదు నిమిషాలు. ఒక పాటలో గిటారు, డ్రమ్ములు ఏవీ లేవు. నాలుగు వయొలిన్లు, రెండు వయొలాలు, రెండు చెల్లోలు ఒంటరి మనుష్యుల కథకు తోడు నిలుస్తాయి. 'లవ్ యూ టు' అనే పాటలో తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు కవరుపై అచ్చయినది. ఆఖరి పాట దాదాపు మొదటి నుండి చివరి వరకు ఒకే స్వరాధారంపై నిలిచి, టేపు ముక్కలను చుట్టలుగా అతికించి పుట్టించిన వింత ధ్వనులతో సాగుతుంది. తంబురా శ్రుతికి అలవాటు పడిన మన చెవికి ఈ నిలకడ కొత్త కాదు. పాశ్చాత్య యువకునికి మాత్రం అది నేల కదలినంత పని చేసినది. ఇంతటి కృతిని అమెరికాలో విడుదల చేసేటప్పుడు అక్కడి సంస్థ మూడు పాటలు తొలగించి, పదకొండింటితో అమ్మినది. తొలగించినవి మూడూ జాన్ లెనన్ ప్రధానంగా రచించినవి కావడంతో ఆల్బమ్‌లో అతని పాలు బాగా తగ్గిపోయినది. ఆ దేశంలో ఇరవై ఏండ్ల పాటు జనం విన్నది ఈ అంగహీనమైన ప్రతినే.

1967 జూన్‌లో 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' వచ్చినది. ఒక్క రోజులో పది పాటలు ముగించిన బృందం ఈసారి స్టూడియోలో సుమారు 700 గంటలు గడిపినది. అప్పటి యంత్రానికి ధ్వనిపథాలు నాలుగే. నాలుగు నిండగానే వాటిని మరొక యంత్రంపై కుదించి, మిగిలిన జాగాలో కొత్త ధ్వనులు చేర్చుకొంటూ నిర్మాత జార్జ్ మార్టిన్ ఈ సౌధాన్ని లేపినాడు. కవరు వెనుక పాటల సాహిత్యం మొత్తం అచ్చు వేసినారు. శ్రోత చదువరి కూడ కావలెనని రాక్ సంగీతం కోరడం ఇక్కడ మొదలైనదని చెప్పవచ్చును. సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం పొందిన మొదటి రాక్ రచన ఇదే.

దీనిని రాక్ సంగీతపు మొదటి మహాకావ్యమని పొగిడేవారు కలరు. నేను ఒప్పుకొనను. కల్పిత వాద్యబృందం ఒకటి ప్రదర్శన ఇస్తున్నదన్న ఊహ మొదటి రెండు పాటలలో ఉన్నది. చివరి పాటకు ముందు ఆ తొలి గీతం మరల వస్తుంది. నడుమ ఉన్న పాటలకు ఆ ఊహతో పొత్తు లేదు. తన పాటలకు ఆ కథతో సంబంధం లేదని లెనన్ కూడ తరువాతి కాలంలో చెప్పినాడు. అనగా ఇది మకుటం ఉన్న శతకం. చాల గొప్ప శతకం. రెండవ వైపు ఆరంభంలో హారిసన్ పాడిన భారతీయ రీతి పాటను చాలమంది పాశ్చాత్య శ్రోతలు ముల్లు జరిపి దాటవేసేవారట! నాకు ఆ పాటే ఈ రికార్డుకు గుండె వలె తోస్తుంది. దిల్‌రుబా గొంతును అనుసరించి మీంద్‌లతో కదలడం, దానికి బదులుగా ఆంగ్లేయ వయొలిన్లు అదే వంపులను తిప్పడానికి పాటుపడడం చెవి యొగ్గి వినదగినవి. అయినను ఆ పాటకు వాయించిన భారతీయ వాద్యకారుల పేర్లు కవరుపై లేవు. 'రివాల్వర్' చూపిన మర్యాదను 'పెప్పర్' చూపలేదు.

కావ్యం అనదగినది కావలెనంటే 1973 మార్చిలో వెలువడిన పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వద్దకు పోవలెను. నలుగురు సభ్యులు: రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్. విడుదలకు ఏడాది ముందు నుండే ఈ రచనను సభలలో వాయిస్తూ, మార్చుకొంటూ వచ్చినారు. సాహిత్యమంతయు వాటర్స్‌దే. మనిషిని పిచ్చివానిగా చేసే ఒత్తిళ్లు ఇందులోని వస్తువు: పరుగు, కాలం, మృత్యుభయం, ధనం, మనుష్యుల నడుమ గోడలు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే అంతమవుతుంది. పాటకు పాటకు నడుమ మాటలాడే గొంతులు వినిపిస్తాయి. వాటర్స్ కొన్ని ప్రశ్నలను అట్టముక్కలపై వ్రాసి, స్టూడియోలో కనబడినవారిచేత, అక్కడి కాపలావానిచేత కూడ జవాబులు చెప్పించి వాడుకొన్నాడు. బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీ సైతం జవాబు చెప్పినాడు, కాని అతని మాటలను వాడలేదు. కాపలావాని మాటలు నిలిచినవి, మహాగాయకుని మాటలు పోయినవి! కావ్యానికి ఏది తగునో ఎరిగిన కత్తెర అది.

మొదటి వైపు చివర మాటలు లేని స్త్రీ గొంతు ఒకటి మృత్యువు ఎదుట నిలిచి విలపించి, ఎదిరించి, తుదకు లొంగి శాంతిస్తుంది. క్లేర్ టోరీ అనే గాయని ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, 30 పౌనుల కూలికి పాడి వెళ్లినది. ఆ స్వరకల్పనలో తనకు పాలున్నదని ఆమె చాల ఏండ్ల తరువాత న్యాయస్థానానికి పోగా, 2005లో రాజీ కుదిరి రచయితలలో ఆమె పేరు చేరినది. ఆ విలాపం ముగియగానే శ్రోత లేచి రికార్డు తిరగవేయవలెను. గది నిశ్శబ్దంగా ఉంటుంది. ముల్లు దింపగానే వినిపించేది నాణెముల గలగల. మృత్యువుకు, డబ్బుకు నడుమ ఉన్న ఆ మౌనం కూడ ఈ కావ్యంలోని భాగమని నా నమ్మకం. కాంపాక్ట్ డిస్కు వచ్చిన తరువాత ఆ ఆశ్వాసాంతం మాసిపోయినది.

ఆ నాణెముల పాట ఏడు మాత్రల నడకలో సాగుతుంది. పాశ్చాత్య జనప్రియ సంగీతానికి నాలుగు మాత్రలే ప్రాణం కనుక ఈ నడక వారికి విడ్డూరం. మిశ్రచాపు తాళం, హిందూస్తానీ రూపక్ ఎరిగిన మన పిల్లలు మొదటి వినికిడిలోనే చేతితో లెక్కవేయగలరు. గిటారు విజృంభించే ఘట్టంలో మాత్రం నడక నాలుగుకు మారుతుంది. వేసి చూడుడు, తెలియగలదు.

పింక్ ఫ్లాయిడ్ గురించి ఇంకొక్క మాట. 1975లో వచ్చిన 'విష్ యు వర్ హియర్' మనసు చెదరి బృందాన్ని విడిచిన తమ పాత మిత్రుడు సిడ్ బారెట్‌ను తలచుకొని చేసినది. ఆ ఆల్బమ్ పని జరుగుతుండగా ఒకనాడు బారెట్ స్టూడియోకు వచ్చినాడు. ఒళ్లు వచ్చి, తలయు కనుబొమలును గొరిగించుకొన్న ఆ మనిషిని మిత్రులు కొంతసేపు పోల్చుకొనలేకపోయినారు. శిల్పంలో 'డార్క్ సైడ్' మిన్న, ఆర్ద్రతలో ఇది మిన్న.

లెడ్ జెపెలిన్ వారి నాలుగవ ఆల్బమ్ (1971) గురించి అభిమానులు నన్ను నిలదీస్తారు గనుక చెప్పవలెను. కవరుపై బృందం పేరు గాని, ఆల్బమ్ పేరు గాని లేకుండ విడుదల చేసిన ధైర్యం వారిది. చివరి పాటలోని డ్రమ్ముల గంభీర ధ్వనికి కారణం, వాటిని ఒక పాత భవనపు మెట్లదారి క్రింద ఉంచి, మైకులను పైన వ్రేలాడదీసి రికార్డు చేయుట. ఆ పాట మూలం 1927 మిసిసిపీ వరదలను గురించి మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు 1929లో రికార్డు చేసిన బ్లూస్ గీతం. రాక్ సంగీతానికి తల్లివేరు అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ అన్న సత్యం ఈ పాటలో కళ్లకు కట్టుతుంది. ఇక్కడ మినీ పేరు వేసినారు. ఇదే బృందం తమ రెండవ ఆల్బమ్‌లోని ఒక ప్రసిద్ధ గీతంలో విలీ డిక్సన్ రచనను పేరు చెప్పకుండ వాడుకొనగా, ఆయన 1985లో దావా వేయవలసివచ్చినది. గొప్పదనాన్ని తూచేటప్పుడు ఈ అప్పును తక్కెడలో వేయకుండుట న్యాయం కాదు.

రోలింగ్ స్టోన్స్ వారి 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' (1972)ను విమర్శకులు ఆకాశానికెత్తుతారు. నాకు అందులో సగం చాలును.

ఇక పట్టికల సంగతి. అమెరికా పత్రిక 'రోలింగ్ స్టోన్' సంగీతకారులను, విమర్శకులను అడిగి 2003లో 500 ఉత్తమ ఆల్బమ్‌ల పట్టిక వేసినది. మొదటి స్థానం 'సార్జెంట్ పెప్పర్స్'కు దక్కినది. అదే పత్రిక 2020లో కొత్త ఓటర్లతో మరల లెక్కించగా 'పెప్పర్' 24వ స్థానానికి దిగినది. ఆరవ స్థానంలో ఉన్న మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' మొదటికి, ముప్పదవ స్థానంలో ఉన్న జోనీ మిచెల్ 'బ్లూ' మూడవకు ఎక్కినవి. ఈ మూడింటిలో దేనిలోను ఒక్క స్వరం మారలేదు. మారినది ఓటు వేసినవారు. మొదటి పట్టికలో 1960ల శ్వేతజాతి పురుషుల బృందాలకు సింహభాగం దక్కినది. రెండవదానిలో నల్లజాతివారికి, స్త్రీలకు చోటు పెరిగినది. మార్విన్ గే రచన సోల్ జాతికి చెందినది, రాక్ కాదని గిరి గీసేవారికి నా సమాధానం ఒక్కటే: వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన తన తమ్ముని అనుభవాలతో కదలి, పాటకు పాటకు సందు లేకుండ అల్లిన ఆ 1971 నాటి ఆల్బమ్ నిజమైన నజ్మ్. జోనీ మిచెల్ 'బ్లూ' కూడ 1971లోనిదే. ఒక గొంతు, ఒక గిటారో పియానోయో, ఇంచుమించు అంతే. అది గజల్.

కనుక పట్టికను దారిచూపే పలకగా వాడుకొనవచ్చును గాని, ఊరిగా భ్రమపడరాదు. విద్యార్థులు నాతో వాదించేటప్పుడు స్థానసంఖ్యలను అప్పజెప్పడం చూస్తుంటాను. ఆ ఆల్బమ్ రెండవ వైపు ఏ పాటతో మొదలవుతుందని తిరిగి అడిగితే చాలమంది మౌనం వహిస్తారు. నేటి ఫోనులో పాటలు ఒక్కొక్కటిగా, యంత్రం ఎన్నిన వరుసలో వస్తాయి. రెండవ వైపు అనే మాటకే అర్థం లేని కాలమిది.

నా మనసుకు అన్నిటికంటె దగ్గరైన ఆల్బమ్ ఏదో చెప్పక తప్పదు. అది 1970 నవంబరులో డెరెక్ అండ్ ది డామినోస్ అనే పేర వెలువడిన 'లైలా అండ్ అదర్ అసార్టెడ్ లవ్ సాంగ్స్'. రెండు రికార్డులు, నాలుగు వైపులు. డెరెక్ అనేవాడు ఎవడూ లేడు. ఆ ముసుగులో ఉన్నది ఎరిక్ క్లాప్టన్. తన ఆప్తమిత్రుడైన జార్జ్ హారిసన్ భార్యపై అతడు మనసు పడినాడు. ఆ ప్రవర్తనను మనం సమర్థింపనక్కరలేదు. అప్పుడే ఇయాన్ డల్లాస్ అనే మిత్రుని ద్వారా పన్నెండవ శతాబ్దపు పారసీక కవి నిజామీ గంజవీ రచించిన లైలా మజ్నూ కథ అతనికి తెలిసినది. మన పెద్దలకు ఈ కథ 1949 నాటి భానుమతి, అక్కినేనిల తెలుగు చిత్రం ద్వారా తెలుసు. ఉర్దూ విద్యార్థులకు అమీర్ ఖుస్రో మస్నవీ ద్వారా తెలుసు. ఇంగ్లండు గిటారు వాద్యకారుని గుండెకు అది నేరుగా తగిలినది. మజ్నూ ప్రేమించిన లైలా కూడ పరుని ఇల్లాలే గదా! ఆల్బమ్‌లోని ఒక పాటకు సాహిత్యకర్తగా నిజామీ పేరునే వేసినారు.

అయితే నిజామీ మజ్నూకు, క్లాప్టన్‌కు నడుమ దూరం చాల ఉన్నది. మజ్నూ తుదకు లైలాను కూడ కోరని స్థితికి చేరినాడు. అతనికి ప్రేమయే చాలినది. క్లాప్టన్ మోకాళ్లపై కూర్చొని అడుగుతాడు, నిందిస్తాడు, మరల అడుగుతాడు. ఇది ఇష్క్ అనుటకంటె షిక్వా అనుట సమంజసం. కాని షిక్వాకు కూడ ఒక సత్యం ఉన్నది. ఆ సత్యాన్ని రెండు గిటార్లు పలుకుతాయి. ఒకటి క్లాప్టన్‌ది, రెండవది డ్యూయేన్ ఆల్‌మన్‌ది. వ్రేలికి గాజు గొట్టం తొడిగి తీగపై జార్చి వాయించే అతని పద్ధతిలో స్వరానికి స్వరానికి నడుమ మెట్లు ఉండవు. మన గమకానికి అది చుట్టము. జిమీ హెండ్రిక్స్ పాటనొకదానిని వీరు ఇందులో గౌరవపూర్వకంగా వాయించినారు. రికార్డు చేసిన కొద్ది దినాలకే, 1970 సెప్టెంబరు 18న, హెండ్రిక్స్ మరణించినాడు. మరుసటి ఏడు అక్టోబరులో ఆల్‌మన్ మోటారు సైకిలు ప్రమాదంలో పోయినాడు. అప్పటికి అతని వయస్సు 24.

లోపాలు లేవా? ఉన్నవి. మొదటి రికార్డులో రెండు పాటలు తీసివేసినా నష్టం లేదు. గొంతు కొన్నిచోట్ల వాద్యాలలో మునిగిపోతుంది. అయినను నాలుగవ వైపు నడుమకు వచ్చేసరికి విన్న పన్నెండు పాటల వేదన అంతా కూడి ఉంటుంది. అప్పుడు 'లైలా' మొదలవుతుంది. మొదటి సగం మొర. ఆ మొర ఆగిన తరువాత పియానో ఒక్కటి నెమ్మదిగా అందుకొంటుంది, గిటార్లు దానిపై పక్షుల వలె ఎగురుతాయి. 1971లో ఈ పాటను చిన్న రికార్డుగా అమ్మినప్పుడు పియానో భాగాన్ని పూర్తిగా కోసివేసి, మూడు నిమిషాల లోపునకు కుదించినారు. అది అంతగా అమ్ముడుపోలేదు. మరుసటి సంవత్సరం ఏడు నిమిషాల పూర్తి పాటను విడుదల చేయగా అమెరికాలోను, ఇంగ్లండులోను మొదటి పదింటిలో నిలిచినది.

నేటికీ ఫోనులో వెదకేవారు 'లైలా' ఒక్కటే విని, ఆ పియానో ఆగగానే వేరొక పాటకు పోతారు. రికార్డులో దాని తరువాత ఇంకొక చిన్న పాట ఉన్నది. డ్రమ్ములు లేవు, హోరు లేదు. సాధారణ గిటారుపై బాబీ విట్లాక్ అనే సహచరుడు గొంతు తగ్గించి పాడతాడు. నాలుగు వైపులు వినిన వారికి మాత్రమే ఆ పాట అక్కడ ఎందుకున్నదో తెలుస్తుంది.